కామాకు ఒక సెకను

ఇకమీదట ఈ దేశంలో ఏ బిడ్డా ఫుల్‌స్టాప్‌ను తొక్కుకుంటూ ముందుకు పోకూడదని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ కార్యక్రమం పేరు ‘విరామ విప్లవం’. ప్రకటన నా మైకులోంచే వెళ్ళింది కాబట్టి పుణ్యంలో నాకూ కాస్త వాటా ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా సభలకు మైకు పెడుతున్నాను. గొప్పవాళ్ళను ఇంత దగ్గరగా విన్నవాణ్ణి, గొప్పతనం ఎక్కడున్నా ఇట్టే పట్టేస్తాను.

విప్లవాన్ని మా బడిలో మొదలుపెట్టాలని నిర్ణయమైంది. మా బడంటే రెండు గదులు, ఒక టీచరమ్మ, పంతొమ్మిది మంది పిల్లలు. అందులో మా అమ్మాయి ఒకతె, ఎనిమిదేళ్ళది. ఇరవై మందికి తగ్గితే బడి మూసెయ్యాలని రూలు. మూస్తే పిల్లలు పెద్ద రోడ్డు దాటి నాలుగు కిలోమీటర్లు నడవాలి. లారీల రోడ్డు అది. నేను దాటాలన్నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవాలి.

“మన పిల్లలు చదవడం మంత్రిగారు ఒక్కసారి కళ్ళారా చూస్తే చాలండీ, బడి నిలబడుతుంది” అంది టీచరమ్మ. అర్జీ రాసి సంచిలో పెట్టుకుంది కూడా. నాకూ ఆశ పుట్టింది.

ఆవిడ చదివించే తీరు వేరు. ఆరుగురిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అందరికీ ఒకే కథ ఇస్తుంది. ముందు బొమ్మ చూపించి, కథేమై ఉంటుందో చెప్పమంటుంది. తర్వాత ఎవరికి వాళ్ళు చిన్న గొంతుతో చదువుకుంటుంటే ఒక్కొక్కరి పక్కకీ వంగి వింటుంది. “ఇక్కడ కామా ఎందుకుందిరా?” అంటే, “ముసలమ్మ మెట్లెక్కుతోంది కదా టీచర్, ఆయాసం” అంటాడొకడు. చివర్లో “ఏమర్థమైంది?” అని అడుగుతుంది. అంతే. దీనికి విప్లవమని పేరు పెట్టాలని ఆవిడకు తట్టలేదు.

మంత్రిగారి రాకకు ముందురోజు విద్యాశాఖ డైరెక్టర్‌గారు వచ్చారు. వెంట నలుగురు సూపర్‌వైజర్లు, నలుగురి మెడల్లోనూ స్టాప్‌వాచీలు.

“కామా దగ్గర ఎంతసేపు ఆపుతున్నారమ్మా?”

“అర్థమయ్యేంతసేపు సార్.”

“సెకన్లలో చెప్పండి.”

టీచరమ్మకు సెకన్ల లెక్క రాదు. పాపం, పిల్లలకు చదువు చెప్పడంలో పడి ఇలాంటివి నేర్చుకోలేదు. డైరెక్టర్‌గారు విసుక్కోకుండా నేర్పారు. కామాకు ఒక సెకను. ఫుల్‌స్టాప్‌కు రెండు. ప్రశ్న గుర్తుకు కూడా రెండే, కాకపోతే కనుబొమలు పైకెత్తాలి.

“మరి అర్థం సార్?”

“అది రెండో దశలో ఉందమ్మా. దానికింకా కమిటీ వెయ్యలేదు.”

“చదివాక నేను ప్రశ్నలడుగుతాను సార్, అర్థమైందో లేదో తెలియాలని.”

“రేపు మాత్రం వద్దు. అడిగేవాడికి చెప్పేవాడు లోకువని ఊరికే అనలేదు. మంత్రిగారున్న చోట ఎవరూ ఎవర్నీ ఏమీ అడక్కపోతే అందరికీ మర్యాద.”

సాయంత్రం దాకా ప్రాక్టీసు నడిచింది. ముసలమ్మకు ఆయాసం సరిగ్గా ఒక సెకనే రావడం మొదలైంది. సూపర్‌వైజర్లు చాలా సంతోషించారు.

మర్నాడు పొద్దున మంత్రిగారు వచ్చి విరామం గొప్పతనం మీద గంటన్నర విరామం లేకుండా మాట్లాడారు. తర్వాత పిల్లలు కథ చదివారు. మంత్రిగారు అందరిలాంటివారు కారు, చురుకైన మనిషి.

“ఇది బట్టీ కాదని గ్యారంటీ ఏంటయ్యా?” అన్నారు.

డైరెక్టర్‌గారు సూపర్‌వైజర్ల వాచీలు చూపించారు.

“పిల్లలు ఎప్పుడూ చూడని కాగితం ఏదన్నా ఇవ్వండి, చూద్దాం.”

స్టేజీ మీద ఉన్న కాగితాలన్నీ పి.ఏ. చేతిలోని సంతకాల ఫైల్లోనే ఉన్నాయి. ఆయన మంత్రిగారి వంక చూశాడు. “పైనున్నది ఇచ్చెయ్” అన్నారు మంత్రిగారు. చదవడానికి మా అమ్మాయిని పిలిచారు. మైకు స్టాండు దాని ఎత్తుకు నేనే దించాను, సంతోషంతోనే.

అది గొంతు సవరించుకుని చదివింది. “ఇరవై మంది కన్నా తక్కువ పిల్లలున్నందున, ఈ పాఠశాల, వచ్చే సోమవారం నుంచి, మూసివేయబడును. పిల్లలు, బల్లలు, బ్లాక్‌బోర్డు, పెద్ద రోడ్డు అవతలి పాఠశాలకు తరలించబడును.”

నలుగురు సూపర్‌వైజర్లూ ఒకేసారి వాచీలు నొక్కారు. ఆరు కామాలు, రెండు ఫుల్‌స్టాప్‌లు, నూటికి నూరు. చప్పట్లు మోగాయి. నిజం చెప్పొద్దూ, నేనూ మాటలు వినలేదు. గొంతు కీచుమనకుండా వస్తోందా లేదా అని నా సౌండు పెట్టె చూసుకుంటున్నాను. టీచరమ్మ మాత్రం మెట్ల పక్కన గోడ పట్టుకుని నిలబడిపోయింది.

“శభాష్. ఇలాంటి చదువు నా జన్మలో వినలేదు. ఈ కాగితం నీకే తల్లీ. సంతకం పెట్టి ఇస్తాను, దాచుకో” అన్నారు మంత్రిగారు. కాగితం అడుగున ఖాళీ కూడా ఉంది, దాని మీద గీత కూడా గీసి ఉంది. సంతకం అందులో చక్కగా పట్టింది. కెమెరాలు మెరిశాయి.

టీచరమ్మ మెట్లెక్కి వచ్చింది. అర్జీ ఇంకా సంచిలోనే ఉంది.

“పాపా, ఏమర్థమైంది?”

“సోమవారం నుంచి మన బడి ఉండదు టీచర్.”

చప్పట్లు ఆగిపోయాయి. నాకప్పుడు వినబడింది. మా అమ్మాయి మంత్రిగారి వైపు తిరిగింది. “అండీ, మీరిది చదివారా? పెద్ద రోడ్డు మేమెలా...”

డైరెక్టర్‌గారు నా వంక చూసి, అరచెయ్యి అడ్డంగా ఊపారు. నేను స్విచ్చి కట్టేశాను.

అది ఇంకా మాట్లాడుతూనే ఉంది. పెదవులు కదులుతున్నాయి. కార్యక్రమం అయిపోయిందనుకుని వెనక వరసలవాళ్ళు లేచి మళ్ళీ చప్పట్లు కొట్టారు. పి.ఏ. వచ్చి, “ఒరిజినల్ ఆఫీసులో ఉండాలమ్మా” అంటూ కాగితం మెల్లగా లాక్కుని ఫైల్లో పెట్టుకున్నాడు. మంత్రిగారు పిల్లలందరికీ చెయ్యి ఊపి కారెక్కారు.

“మీ అమ్మాయేనట కదా, అదృష్టవంతుడివయ్యా. రేపు పేపర్లో వస్తుంది” అన్నారు డైరెక్టర్‌గారు.

“అంతా మీ దయ సార్” అన్నాను.

వైర్లు చుట్టుకుని ఇంటికి బయల్దేరాం. సగం దారిలో మా అమ్మాయి నా చొక్కా లాగింది.

“నాన్నా, నేను మాట్లాడుతుంటే మైకు ఎందుకు ఆగిపోయింది?”

“వైరు లూజైందమ్మా.”

అది నా మొహంలోకి చూసింది. ఏ వైరు అని అడుగుతుందేమోనని చుట్టలోంచి ఒకదాని కొస పట్టుకుని సిద్ధంగా ఉన్నాను. అది అడగలేదు. పుస్తకాల సంచి ఆ భుజం మీంచి ఈ భుజం మీదికి మార్చుకుని, నాకంటే ముందు నడిచింది.