కొండపల్లి నుంచి మైలవరానికి, మద్రాసు మీదుగా

ఫోను ఉన్నది మనుషులు మాట్లాడుకోవడానికి కాదు, ఎక్స్ఛేంజీలు ఒకదాన్నొకటి గౌరవించుకోవడానికి. కొండపల్లి బొమ్మల పనివాడు మదార్ సాహెబ్‌కు 1991లో ఒక బుధవారం ఉదయం తొమ్మిదింటి దాకా ఈ సంగతి తెలియదు.

ఆ ఉదయం ఆయన కూతురు నజీరా పేర ఉత్తరం వచ్చింది. టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ, విజయవాడలో, మర్నాడు పదింటికి. మూడేళ్ళుగా ఆ పిల్ల పెట్టిన దరఖాస్తుల్లో జవాబు వచ్చింది ఈ ఒక్కదానికే. నజీరా చూస్తే మైలవరంలో పిన్నమ్మ ఇంట్లో ఉంది. ఆ పక్కనే బసవపున్నయ్య ఎరువుల కొట్లో ఫోనుంది. మదార్ సాహెబ్ చేతికంటిన రంగైనా కడుక్కోకుండా ట్రంకు కాల్ కౌంటరుకు పరిగెత్తాడు.

"మైలవరమేగా, ఇట్టే కలిసిద్దిగా అమ్మా?"

ఆపరేటరు ఎలిజబెత్ జాలిగా చూసింది. "నేరుగా కలవదండీ. ముందు పైకెళ్ళాలి."

దూరవాణి మండలి మార్గాధికారి తిరుపతిరావుగారి ఉత్తర్వు ప్రకారం, చిన్న ఎక్స్ఛేంజి మరో చిన్న ఎక్స్ఛేంజితో సొంతంగా మాట్లాడరాదు. పెద్దదాన్ని అడగాలి. దానికి తీరిక లేకపోతే అది తనకంటే పెద్దదాన్ని అడగాలి. (అన్నిటికంటే పెద్దది ఎవరిని అడగాలో ఉత్తర్వులో లేదు. అందుకో కమిటీ వేశారు.)

పదకొండింటికి కాల్ హైదరాబాదు చేరింది. అక్కడ ఖాళీ లేక మద్రాసు వెళ్ళింది. పన్నెండున్నరకు గంట మోగింది. మదార్ సాహెబ్ రిసీవరందుకుని, "నజీరా! ఇంటర్వ్యూ రేపేనమ్మా!" అని వీధి చివరిదాకా వినబడేలా అరిచాడు. అవతల ఒక పెద్దాయన అరవంలో ఎంతో మర్యాదగా ఏదో అడిగాడు.

"మైలాపూరు కలిపారండీ," అంది ఎలిజబెత్. "మొదటి అక్షరం సరిపోయింది గదండీ."

"అంటే రాంగ్ నంబరా?"

"నంబరు కరెక్టేనండీ. ఊరే."

మదార్ సాహెబ్ తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "బస్సెక్కితే గంట తల్లీ. నేనే పోయొస్తా."

"బుక్ చేసినవాళ్ళు వెళ్ళిపోతే తప్పు మీదవుద్దండీ!"

"అట్టాగే రాసుకో."

సాయంత్రం ఐదింటికి కూతురితో కలిసి బస్సు దిగాడు. ప్రాణం కుదుటపడి నింపాదిగా నడుస్తుంటే, కౌంటరులోంచి ఎలిజబెత్ కేకేసింది. "సాహెబ్‌గారూ, మైలవరం కలిసింది! కానీ నజీరా ఊళ్ళో లేదంటున్నారండీ."

"ఇదిగో, నా పక్కనే ఉందిగా!"

"ఇక్కడుంటే ఎట్టాగండీ? ఆవిడ అక్కడుండాలి."

నజీరా నవ్వాపుకుంటూ రిసీవరందుకుంది. "పున్నయ్య బాబాయిగారూ, నేనేనండీ. ఇంటికొచ్చేశానని పిన్నమ్మకు చెప్పండి."

ఎలిజబెత్ ఊపిరి పీల్చుకుని చీటీ మీద రాసింది: కోరిన వ్యక్తి మాట్లాడారు.

మర్నాడు నజీరా ఇంటర్వ్యూ నెగ్గింది. పై నెల మండలి నివేదికలో ఆ కాల్ విజయవంతమైన వాటి వరసలో చేరింది. ఎనిమిది గంటల ఆలస్యానికి కారణం అడిగిన గడిలో తిరుపతిరావుగారు స్వహస్తాలతో రాశారు: "కోరిన వ్యక్తి ప్రయాణంలో ఉన్నారు."