షెడ్డులో కారు, కారులో పాట

కారుండగా బస్సులో ఎందుకొస్తున్నావని మీరడిగారు. కారుంది. పెట్రోలుంది, టైర్లలో గాలి ఉంది. అయినా బస్సులోనే రావాలి. ఎందుకో చెబుతాను. ఈలోగా టీ చల్లారితే నన్నడక్కండి.

మా ఆవిడ ఆసుపత్రిలో విచారణ కౌంటర్లో పనిచేస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం అడుగుతారు, ఆవిడ చెబుతుంది. ఎక్స్‌రే ఎక్కడ, మెట్లెక్కడ, ఇక్కడే పెట్టిన నా గొడుగేమైంది. ఇంటికొచ్చాక నేనడుగుతాను.

ఒకరోజు నా చెప్పులెక్కడని అడిగాను. ఆవిడ చెప్పులు చూపించి, "కారు అమ్మేద్దామండి" అంది.

"చెప్పులడిగితే కారమ్ముతావా?"

"ఆ షెడ్డు నాక్కావాలి. ఒక కుర్చీ వేసుకుంటాను. కిటికీ ఎలాగూ ఉంది. నన్నెవరూ ఏమీ అడగని చోటు ఈ ఇంట్లో ఒకటుండాలి."

"ఇప్పుడు నిన్నెవరడుగుతున్నారు?"

"చూశారా, మళ్ళీ అడిగారు."

కొనే మనిషిని కూడా చూసి పెట్టింది. మా వీధి చివరి పళ్ళ డాక్టరు. ఆదివారం వచ్చి నడిపి చూస్తాడట.

ఆ కారు నా పెళ్ళికి ముందుది. వాన పడితే ఎడమవైపు తలుపు తెరుచుకోదు, ఎండ కాస్తే మూసుకోదు. అయినా అందులో కూర్చుంటే నేను ఎక్కడికైనా వెళ్ళగలిగిన మనిషినని అనిపిస్తుంది. వెళ్ళేది ఆఫీసుకే అనుకోండి.

డ్రైవరు సీటు కింద, టేప్ రికార్డరు పాటని పెద్దగా వినిపించే ఆంప్లిఫయరు ఒకటుంది. ఏళ్ళ తరబడి మూగగా పడి ఉంది. పెళ్ళైన కొత్తలో దాని మీద ఒక పాట వింటూ మా ఆవిడ కళ్ళు మూసుకునేది. ఇంటి ముందు కారాపినా దిగేది కాదు. పాట అయిపోయాకే దిగేది. నా ఉపాయం అక్కణ్ణుంచి పుట్టింది. ఆ పాటని మళ్ళీ పలికిస్తే ఈవిడ కారమ్మమన్నా అమ్మదు.

ఆంప్లిఫయరుని భోజనాల బల్ల మీద పెట్టి మూత విప్పాను. లోపల ఏది ఏమిటో తెలియక బావమరిదిని పిలిచాను. వాడు రేడియోలు బాగుచేస్తాడు. జేబులో తీగలతికించే సోల్డరింగ్ సీసం చుట్ట లేనిదే గడప దాటడు. అందుకని చుట్టాలందరికీ వాడు సీసమే.

"బ్యాటరీ ఇచ్చేది పన్నెండు వోల్టులు బావా. స్పీకరుని ఊపడానికి అది చాలదు. ఈ ఉంగరం లాంటి ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెంచుతుంది. ఈ డబ్బాలు కెపాసిటర్లు. నీళ్ళ ట్యాంకులనుకో. డ్రమ్ము మోగినప్పుడు ఒక్కసారిగా కరెంటు కావాలి, అప్పుడు వీటిలోంచి తోడుకుంటుంది. ఎండిపోయాయి. మార్చాలి."

"ఇంకా పెద్దవి వేద్దాం."

"ఉన్నంతవి చాలు బావా."

"పెద్ద ట్యాంకైతే ఎక్కువ నీళ్ళు కదరా?"

సీసం వాళ్ళక్క వైపు చూశాడు. ఆవిడ, "వాదించకురా, తినడానికి నాకు బల్ల కావాలి" అంది.

పక్కన ఒక మర కూడా ఉంది. గెయిన్ అంటారు. శబ్దం పెంచే మర అనుకున్నాను. కాదట. టేప్ రికార్డరు పంపే పాటని ఆంప్లిఫయరు ఎంత చెవి ఒగ్గి వినాలో చెప్పే మరట.

మా ఆవిడ మంచినీళ్ళు పెడుతూ ఆగింది. "వినడానికి మరుందా? మీ బావకొకటి బిగించరా."

మర్నాడు సీసం రాకముందే కొత్త కెపాసిటర్లు నేనే అతికించాను. ఒక్కోదానికి ఒక పక్క తెల్లగీత ఉంది. అలంకారమనుకుని, గీతలు రెండూ ఎదురెదురుగా వచ్చేలా పెట్టాను. చూడ్డానికి బాగుంది. కారు బ్యాటరీ తెచ్చి బల్ల మీద పెట్టి తీగ తగిలించాను.

ఆ పేలుడు తన క్లినిక్ దాకా వినిపించిందని పళ్ళ డాక్టరు తర్వాత చెప్పాడు. అప్పటిదాకా బతిమాలినా తెరవని పేషెంటు నోరు దానంతటదే తెరుచుకుందట.

డబ్బాలో చుట్టిన కాగితం ముక్కలై గదంతా రాలింది. కొంత మా ఆవిడ తల మీద, కొంత పెరుగులో. ఆవిడ ఒక ముక్కని చెంచాతో తీసి వెలుతురుకి పెట్టి చూసింది.

"ట్యాంకు పగిలిందాండీ?"

"ఏమోయ్, తుడిచే గుడ్డెక్కడ?" అన్నాను.

ఆవిడ కిటికీలోంచి షెడ్డు వైపు చూస్తూ నిలబడింది.

"గీత ఉన్నవైపు మైనస్ బావా" అంటూ సీసం వచ్చి, అన్నీ ఊడదీసి మళ్ళీ అతికించాడు.

శనివారం సాయంత్రం వాన పట్టుకుంది. ఆంప్లిఫయరుని సీటు కింద బిగించాను. ఎంత బాగా వింటే అంత మంచిదని గెయిన్ మరని చివరిదాకా తిప్పి పాట పెట్టాను.

పాట స్పీకర్లలోంచి వచ్చినట్టు లేదు. సీట్ల బట్టలోంచి, పైకప్పులోంచి వచ్చినట్టుంది. షెడ్డు రేకుల మీద చినుకులు దానికి తగ్గట్టే పడుతున్నాయి. కారు ఉన్నచోటే ఉంది, ఎదుటి గోడ మాత్రం మెల్లగా వెనక్కి వెళ్తోంది. పాడేవిడ రెండు చరణాల మధ్య ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఇన్నేళ్ళూ ఆవిడ ఊపిరి తీసుకోకుండానే పాడిందనుకున్నాను.

ఆ సంబరంలో ఇంజన్ స్టార్ట్ చేశాను. పాట వెనకాల కుయ్యిమని ఒక కూత మొదలైంది. యాక్సిలరేటరు తొక్కితే కూత పెరిగింది, వదిలితే తగ్గింది.

సీసానికి ఫోన్ చేశాను.

"అది ఆల్టర్నేటరు బావా. ఇంజన్ నడిచేటప్పుడు బెల్టు దాన్ని తిప్పుతుంది, అది బ్యాటరీని నింపుతుంది. ఆ చప్పుడు పాటలో దూరింది. నువ్వు గెయిన్ చివరిదాకా తిప్పి ఉంటావు. ఆంప్లిఫయరు పాటతో పాటు ఇంజన్ని కూడా వింటోంది. కూత పోవడానికి దార్లున్నాయి. రేపొచ్చి చూస్తాను."

"రేపు రాకు" అన్నాను. నాకు రెండో ఉపాయం తట్టింది. ఈ కూత విన్నవాడెవడూ ఈ కారు కొనడు.

ఆదివారం డాక్టరు స్టీరింగు పట్టుకున్నాడు. నేను పక్కన, మా ఆవిడ వెనక సీట్లో. పాట పెట్టాను. బండి కదిలింది, కూత లేచింది. డాక్టరు భుజాలు కిందికి దిగాయి. మొహం తేటపడింది.

"హాయిగా ఉందండీ" అన్నాడు.

"ఏది?"

"ఈ చప్పుడు. వారమంతా నా చెవిలో ఉండేది ఇదే. ఆదివారం డ్రిల్లు ఆపేస్తే ఏదో పోగొట్టుకున్నట్టుంటుంది."

నా నోరు తెరుచుకుంది. ఆయన ఒకసారి చూసి, "కింద ఎడమవైపు ఒకటి పుచ్చింది, వచ్చి కనిపించండి" అని మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు.

షెడ్డులోకి తిరిగొచ్చాక ఇంజన్ ఆపాడు. కూత ఆగింది. పాట ఆగలేదు. డాక్టరు దిగి, "ఖాయం చేసుకుందాం" అన్నాడు. నేను దిగాను. మా ఆవిడ దిగలేదు. అద్దాలు ఎత్తి ఉన్నాయి. తల వెనక్కి వాల్చి కళ్ళు మూసుకుంది. డాక్టరు అద్దం మీద వేలితో కొట్టాడు. ఆవిడకి వినపడలేదు. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డాం.

పాట అయిపోయాక అద్దం దించింది.

"ఏమనుకోకండి డాక్టరు గారూ. అమ్మడం లేదు."

ఆయన వెళ్ళేటప్పుడు ఇంజన్ని ఇంకొక్కసారి స్టార్ట్ చేయించుకుని విని మరీ వెళ్ళాడు. నేను మీసం మీద చెయ్యి వేశాను.

"అయితే కారు మనదే" అన్నాను.

"నాది" అంది. "కుర్చీ బదులు సీటు, ఒక కిటికీ బదులు నాలుగు."

"మరి నేను ఆఫీసుకి?"

"ఆ కూత పెట్టుకుని నా పాట పాడు చేస్తే ఊరుకోను. ముందు అది పోవాలి."

న్యాయంగానే ఉందనిపించింది. సీసాన్ని పిలిచి, కూత పోగొట్టమని చెప్పి, ఆ ఒక్కరోజుకేగా అని బస్సెక్కాను.

సాయంత్రం వచ్చేసరికి సీసం పంపు దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు.

"కూత పోయింది బావా. ఇంక రాదు. నువ్వు మాత్రం ఇంజన్ జోలికి పోకు, వేడెక్కి పాడైపోతుంది."

"ఎందుకని?"

"బెల్టు లేదు. ఇంజన్ని చల్లబరిచే నీళ్ళని తిప్పేదీ అదే. రెండు దార్లున్నాయని అక్కకి చెప్పాను. గెయిన్ దించి ఎర్త్ వైరు మార్చడం ఒకటి, బెల్టు తీసెయ్యడం ఒకటి. అక్కకి రెండోదే నచ్చింది. బ్యాటరీకి ఇంట్లోంచి చార్జరు పెట్టాను."

షెడ్డులోకి వెళ్ళాను. మా ఆవిడ వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంది. చెప్పులు బయట విడిచి ఉన్నాయి.

"బెల్టెక్కడ?" అన్నాను.

"ఇక్కడ ఎవరూ ఏమీ అడక్కూడదు" అంది, కళ్ళు తెరవకుండా.

నిలబడ్డాను. కాసేపయ్యాక ఆవిడ చెయ్యి చాపి ముందు తలుపు గడియ తీసింది. నేనూ చెప్పులు విడిచి, డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగు పట్టుకున్నాను. పాట మొదలైంది. గోడ వెనక్కి వెళ్ళడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి..." అనబోయాను.

"మాట్లాడకుండా నడపండి. రోడ్డు చూసుకుంటూ."

నడిపాను. పాట అయిపోయాక బ్రేకు వేశాను. అప్పుడు దిగింది.