వంతెన కింద మర్యాద

ఆ ఆదివారం ఉదయానికి చక్రధర్ వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. ఏడున్నరకు సింగపూర్ యీషున్‌లోని ఫ్లాట్ నుంచి బయలుదేరడం, ఎనిమిదిన్నరకు బోటు క్లబ్బు జెట్టీ మీద పదిమందినీ నిలబెట్టి జాగ్రత్తలు చెప్పడం, తొమ్మిదికి ఐదు పడవలూ కాలువలోకి దించడం, పదకొండుకి ఎవరిచేతా మాట పడకుండా ఒడ్డుకు చేరడం. జురాంగ్ ఐలాండ్‌లో పద్నాలుగేళ్ళుగా సేఫ్టీ ఆఫీసరుగా చేస్తున్న మనిషికి ఇదేం పెద్ద పని కాదు.

అసలు సంగతేమిటంటే, మంగళవారం నాడు క్లబ్బు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ‘మీ తెలుగు బృందానికి కాలువలో తోటి పడవల వాళ్ళ పట్ల మర్యాద లేదని ఒక సభ్యుడు రాశారు. ఈ ఆదివారం మిమ్మల్ని గమనిస్తాం. ఇంకొక్క ఫిర్యాదు వచ్చినా మీ ఆదివారం వేరేవాళ్ళకిచ్చి, మీకు బుధవారం ఇస్తాం’ అని దాని సారాంశం. రాసిందెవరో, వీళ్ళు చేసిన తప్పేమిటో అందులో లేదు.

బుధవారమైతే చక్రధర్ సెలవు పెట్టుకోగలడు. భద్రయ్య పెట్టుకోలేడు. భద్రయ్య షిప్‌యార్డులో వెల్డరు. కోనసీమలో కాలువ గట్టున పుట్టి, తండ్రి పక్కన కూర్చుని పడవ నడపడం నేర్చుకున్నవాడు. రెండేళ్ళ కిందట లిటిల్ ఇండియాలో ఒక కొట్టు దగ్గర మిగిలిన ఒకే ఒక్క గోంగూర కట్ట మీద ఇద్దరి చేతులూ ఒకేసారి పడితే పరిచయమయ్యాడు. అతని కాలువ కబుర్లు వినీ వినీ చక్రధర్ ఈ ఆదివారపు బృందాన్ని పోగుచేశాడు. వారానికి ఆరు రోజులు ఇనుము మధ్య గడిపే ఆ మనిషి తెడ్డు చేతికి రాగానే పదేళ్ళు చిన్నవాడైపోతాడు. ఆ రెండు గంటలూ పోతే అతని వారంలో మిగిలేది పనీ, నిద్రా. అది తలుచుకుంటేనే చక్రధర్‌కు మనసు పాడైపోయింది.

"నువ్వేం బెంగపెట్టుకోకు భద్రయ్యా. నేను చూసుకుంటాగా" అని ఫోన్లో మాటిచ్చాడు. చక్రధర్ చూసుకుంటానన్నాడంటే ఇంట్లోవాళ్ళకి కాస్త కంగారే.

నాలుగు రోజులు ఆలోచించి ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. పడవల్లో పాటలు పాడుతున్నారు, డబ్బాలు విప్పి తింటున్నారు, మర్యాద లేదంటే ఇక అదే అయ్యుండాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం కాబట్టి ఇంకెవరినీ అడగలేదు. పదకొండు అంశాలతో ఒక కాగితం తయారుచేసి, కింద అందరి సంతకాలకూ గళ్ళు గీశాడు.

జెట్టీ దగ్గర నీడలో ఒకటే బల్ల ఉంది. దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్టు ఉంది. మన ఊళ్ళో బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్నట్టే, సింగపూర్‌లో టిష్యూ ప్యాకెట్టు పెట్టి చోటు పట్టుకుంటారు. దాన్ని చోప్ చేయడం అంటారు. బల్ల మీద ఆరుగురు పడతారు. అయినా చక్రధర్ ఎవరినీ దాని దరిదాపులకు పోనివ్వలేదు. పదిమందీ ఎండలో నిలబడే పదకొండు అంశాలూ విన్నారు. ఒకటో అంశం, ఎదురొచ్చే ఏ పడవకైనా ముందు మనమే దారివ్వాలి. రెండోది, పడవలో ఎవరూ లేచి నిలబడరాదు. నాలుగు, పాటలు వద్దు. ఐదు, తిండి వద్దు. తొమ్మిది, నాయకుడు తప్ప ఎవరూ నోరు విప్పకూడదు.

"ఏవండీ, మరి పులిహోర?" అంది ఆయన భార్య కల్పన.

"ఐదో అంశం విన్నావుగా."

"విన్నాను. తింటానన్లేదు. బ్యాగులో ఉందని చెప్తున్నా."

పన్నెండేళ్ళ కూతురు శ్రీజ కాగితం మీద సంతకం గీకుతూ, "డాడీ, జస్ట్ బీ నార్మల్ లా" అంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర ‘లా’ తగిలించి.

భద్రయ్య చెయ్యెత్తాడు. "సార్, ఎదురు పడవొత్తే మా కాలవల్లో ఓ పద్ధతుందండి. ముందుగా మనం..."

"తొమ్మిదో అంశం, భద్రయ్యా."

"ఆయ్, అలాగేనండి" అని భద్రయ్య సంతకం పెట్టేశాడు.

తొమ్మిదికి ఐదు పడవలూ కదిలాయి. ముందు పడవలో చక్రధర్, శ్రీజ. రెండో దాంట్లో కల్పన, పక్క ఫ్లాట్ ప్రణవి. చివరి దాంట్లో భద్రయ్య, అతని గదిలో ఉండే బాబ్జీ. ఎవరూ మాట్లాడటం లేదు. ప్రతి ఆదివారం నవ్వులతో వెళ్ళే ఆ పడవలు పరీక్ష హాల్లోకి వెళ్తున్నట్టు వెళ్ళాయి.

అరకిలోమీటరు పోయాక కాలినడక వంతెన వస్తుంది. అక్కడ స్తంభాల మధ్య ఒక్క పడవకే దారి. ఎవరు దగ్గరగా ఉంటే వాళ్ళు ముందు వెళ్ళాలని స్తంభం మీద రాసే ఉంది. చక్రధర్ పడవ స్తంభానికి చేరువలో ఉండగా, అవతల నుంచి గడ్డి టోపీ పెట్టుకున్న చీనా పెద్దాయన ఒకాయన వచ్చాడు. రెండు సీట్ల పడవలో ముందు సీటు ఖాళీగా ఉంది. ఆయన్ని చూడగానే, గమనించడానికి క్లబ్బు పంపిన మనిషి ఈయనేనని చక్రధర్‌కు అర్థమైపోయింది.

"అంకుల్, ప్లీజ్, ముందు మీరు రండి" అన్నాడు ఇంగ్లీషులో.

"నో నో. మీరు దగ్గరున్నారు. యూ గో ఫస్ట్ లా."

మన లెక్కలో మొదటి ‘వద్దు’ మొహమాటం, రెండోది మర్యాద, మూడోదే అసలు జవాబు. మూడుసార్లు బతిమాలకుండా ఎవరికీ రెండో గరిటె వడ్డించి ఎరగని ఇంట్లో పెరిగిన చక్రధర్, ఆయన్నీ మూడుసార్లు బతిమాలాడు. ఆయన మూడుసార్లూ వద్దన్నాడు. పైగా మర్యాదకి ఒక పడవ పొడవు వెనక్కి జరిగాడు.

ఇది పరీక్షే అనుకున్నాడు చక్రధర్. "అందరూ రెండు పొడవులు వెనక్కి" అని ఆజ్ఞ ఇచ్చాడు. ఐదు పడవలూ వెనక్కి నడిచాయి. పెద్దాయన ఆశ్చర్యపోయి తను ఇంకో మూడు పొడవులు జరిగాడు. వంతెన కింద దారి ఇప్పుడు శుభ్రంగా ఖాళీ. అటువాళ్ళు రారు, ఇటువాళ్ళు పోరు.

ఇంతలో భద్రయ్య వెనకాల పెడల్ బోటులో ఒక కుటుంబం వచ్చి ఆగింది. అవతల కాలేజీ పిల్లల పడవలు నాలుగు ఆగాయి. ఈ దేశంలో పదిమంది వరసలో ఉంటే పదకొండోవాడు ఎందుకని అడగడు, వెనక చేరతాడు. పావుగంటలో ఇటు పదకొండు పడవలు, అటు తొమ్మిది. వంతెన మీద నడకకు వచ్చినవాళ్ళు కూడా ఆగి కిందికి తొంగిచూడటం మొదలుపెట్టారు. ఇన్ని పడవలు కదలకుండా ఉన్నాయంటే నీటికుక్కలు వచ్చే ఉంటాయని ఎవరో అన్నారు. సింగపూర్‌లో నీటికుక్క కనిపిస్తే జనం పనులు మానుకుని చూస్తారు. క్షణాల్లో ఫోన్లు బయటికొచ్చాయి.

"డాడీ, మన కింద ఆటర్స్ ఉన్నాయనుకుంటున్నారు. సో ఎంబరాసింగ్ లా" అంది శ్రీజ, టోపీ ముఖం మీదికి లాక్కుంటూ.

కల్పన బాధ వేరు. "పాపం ఆ పెద్దాయన ఎండలో ఎంతసేపట్నుంచి కూర్చున్నాడండీ. పొద్దున్నే ఏమన్నా తిన్నాడో లేదో."

"ఐదో అంశం, కల్పనా."

"అది మనం తినకూడదని. ఆయన తినకూడదని లేదు."

ఆవిడ పులిహోర డబ్బా తీసి, తెడ్డు పలక మీద నిలబెట్టి, ప్రణవిని పడవ నడపమంది. రెండో పడవ ముందు పడవను దాటుకుని వంతెన కిందికి దూరింది. తనకోసం చాపిన డబ్బాను చూసి, ఆడమనిషిని అంత దూరం రానివ్వడం బాగుండదని పెద్దాయన కూడా ముందుకొచ్చాడు. రెండు పడవల ముక్కులూ సరిగ్గా వంతెన కింద కలుసుకున్నాయి. డబ్బా క్షేమంగా ఆయన ఒడిలోకి చేరింది కానీ, ఆయన పడవ అడ్డం తిరిగి రెండు స్తంభాల మధ్యా బిగుసుకుపోయింది. కల్పన పడవ దాని డొక్కలోకి దూరి ఇరుక్కుంది.

"ఎవరూ కదలొద్దు" అంటూ చక్రధర్ లేచి నిలబడ్డాడు. రెండో అంశం ఎందుకు రాశాడో ఆ మరుక్షణమే అందరికీ తెలిసింది. ఆయన నీళ్ళలో పడి, ఛాతీ లోతు నీటిలో, తలమీద నాచుతో లేచాడు. వంతెన మీద జనం చప్పట్లు కొట్టారు. ఇంతసేపు ఎదురుచూసినందుకు వాళ్ళకి ఏదో ఒకటి కనబడింది మరి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. పెద్దాయన మాత్రం ఎటూ కదల్లేడు కాబట్టి, నింపాదిగా డబ్బా మూత తీసి తినడం మొదలుపెట్టాడు.

చివరి పడవలోంచి భద్రయ్య అంతా చూశాడు. మునిగిన నాయకుణ్ణి చూశాడు, ఇరవై పడవల్ని చూశాడు. ఇక ఆగలేకపోయాడు.

"సార్, ఇంక తొమ్మిదో అంశం నావల్ల కాదండి" అని అరిచి, గొంతు సవరించుకుని, "హైలెస్సా" అన్నాడు.

తెలుగువాళ్ళు అలవాటు కొద్దీ "హైలెస్సా" అన్నారు. నాలుగో అంశం అక్కడితో సరి. రెండోసారికి కాలేజీ పిల్లలు అందుకున్నారు. మూడోసారికి పెడల్ బోటు కుటుంబం కూడా. భద్రయ్య ఆ వరసకు తెడ్లు ఒక్కసారే పడేలా చేసి, షిప్‌యార్డు ఇంగ్లీషులో "యూ బ్యాక్, యూ హోల్డ్, అంకుల్ యూ ఈట్" అని చేత్తో చూపిస్తూ, నాలుగు నిమిషాల్లో రెండు పడవల్నీ విడదీశాడు. తర్వాత తన పడవను వంతెన దగ్గరికి తెచ్చి, స్తంభం పట్టుకుని నిలిచి, ఇటొకటి అటొకటి చొప్పున అందరినీ పంపాడు. దాటే ప్రతి పడవనూ పలకరించాడు. "గుడ్ మార్నింగ్ అంకుల్. మార్నింగ్ ఆంటీ. మకాన్ ఆల్రెడీ?"

తిన్నారా అని అడిగితే సింగపూర్‌లో కోపం వచ్చేవాళ్ళు లేరు. అందరూ నవ్వుతూ జవాబు చెప్పి వెళ్ళారు. చక్రధర్ నీళ్ళలో నిలబడి చూస్తూ, భద్రయ్య చెప్పబోయిన పద్ధతి ఇదేనేమో అనుకున్నాడు.

కానీ ఇక అనుకుని ఏం లాభం? జెట్టీ మీద క్లబ్బు మేనేజరమ్మ కాగితాల అట్ట పట్టుకుని ఎదురుచూస్తోంది. బట్టలు పిండుకుంటూ ఒడ్డెక్కిన చక్రధర్, బుధవారం సంగతి భద్రయ్యకు ఎలా చెప్పాలో తెలియక తల దించుకున్నాడు. ఈలోగా పెద్దాయన దిగి, నేరుగా నీడలోని బల్ల దగ్గరికెళ్ళి, టిష్యూ ప్యాకెట్టు తీసి, పులిహోర చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

"సార్, గమనించడానికి వచ్చింది మీరేనా?" అన్నాడు చక్రధర్.

"నేను కాదు. ఈవిడ. వంతెన మీద నిలబడింది. నా పేరు లిమ్. ఉత్తరం రాసింది నేను."

పదిమందీ కొయ్యబారిపోయారు.

"ఏడాదిన్నరగా ప్రతి ఆదివారం నా పక్కనించే వెళ్తారు" అన్నాడు లిమ్. "పాట బాగుంటుంది. తిండి వాసన ఇంకా బాగుంటుంది. ఒక్కరైనా గుడ్ మార్నింగ్ అన్నారా? తిన్నావా అని అడిగారా? తల తిప్పుకుని పోతారు. నో మ్యానర్స్."

కల్పన ముఖం చిన్నబోయింది. ఒంటరిగా ప్రశాంతంగా ఉన్న పెద్దాయన్ని ఇబ్బందిపెట్టకూడదని, ఆయన పక్కనించి వెళ్ళేటప్పుడల్లా తల తిప్పుకోమని అందరికీ చెప్పింది తనే. "తప్పు మాదే అంకుల్" అంది. నిజంగానే ఆవిడకి కళ్ళు చెమర్చాయి.

"ఇవాళ అడిగారుగా" అని లిమ్ ఖాళీ డబ్బా చేతికిచ్చాడు. "నా ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నా."

చక్రధర్ భయంభయంగా మేనేజరమ్మ వైపు తిరిగాడు. "మిగతా పడవల వాళ్ళు? ఫిర్యాదులు ఎన్నొచ్చాయి?"

ఆవిడ అట్ట తిరగేసింది. "ఒకటి. వంతెన మీద వాళ్ళది. ఆటర్ కనిపించలేదట. అది మీమీద రాయలేను. ఆదివారం మీదే."

భద్రయ్య వెళ్ళి ఐదు పడవల్నీ ఒక్కడే కడిగి, బోర్లించి వచ్చాడు. వద్దని చక్రధర్ మూడుసార్లు అన్నా వినలేదు.

మరుసటి ఆదివారం ఎనిమిదిన్నరకే లిమ్ పడవ జెట్టీ దగ్గర సిద్ధంగా ఉంది. ఎప్పుడూ ఖాళీగా ఉండే ముందు సీటు మీద ఒక టిష్యూ ప్యాకెట్టు పెట్టి ఉంది.

"ఎవరికోసం అంకుల్?" అని అడిగింది శ్రీజ.

"హైలెస్సా మనిషికి" అన్నాడు లిమ్.

భద్రయ్య ఆ ప్యాకెట్టు తీసి కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు. అతను పడవలో కాలు పెట్టేలోగా చక్రధర్ పరుగున వచ్చి, ‘ఎదురైన ప్రతి పడవనూ ముందు తిన్నారా అని అడగాలి’ అన్న పన్నెండో అంశం కింద ఇద్దరిచేతా సంతకాలు పెట్టించుకున్నాడు.