అత్తగారి పేరు మీద యాంప్లిఫయర్

బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సుల రాకపోకలు చెప్పే ఉద్యోగం అతనిది. చేరిన కొత్తలోనే తోటివాళ్ళు మైకయ్య అని పేరు పెట్టారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు.

షిఫ్టు ఎక్కింది మొదలు దిగేదాకా ఒకటే పాట. "ప్రయాణికులకు మనవి" అంటాడు. నాలుగు మూలలా ఉన్న గరాటు స్పీకర్లు ఆ మాటను నాలుగు రకాలుగా నమిలి మళ్ళీ అతని చెవిలోనే ఊస్తాయి. సాయంత్రమయ్యేసరికి తన గొంతంటే తనకే వెగటు.

అలాంటివాడు ఇంటికొచ్చి నోరు మూసుకుంటాడనుకుంటాం. అబ్బే! గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "నేను వచ్చాను. కాఫీ నిమిత్తం వంటింటి వైపు బయలుదేరుతున్నాను" అని పై అంతస్తుకి కూడా తెలిసేలా ప్రకటించేవాడు. అది అతని తప్పు కాదు, అలవాటు.

భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ రక్తం తీస్తుంది, సాయంత్రం నా వంతు అని మైకయ్య అంటూ ఉంటాడు. ఆవిడ వినపడనంత దూరంలో ఉందని రూఢి చేసుకున్నాకే అంటాడు.

అతనికి ఉన్నది ఒక్కటే కోరిక. రోజూ ఓ గంట కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని ఫిడేలు వినాలి. అందుకోసం టికెట్ కౌంటరు గుమాస్తా దగ్గర వాడిన పెద్ద హెడ్‌ఫోన్స్ కొనుక్కున్నాడు. ఎవరు నోటు చాపినా "చిల్లర లేదు" అనడం వల్ల ఆ గుమాస్తా చిల్లరస్వామి అయ్యాడు. పాటల పిచ్చిలో మాత్రం అతను నోటంత మనిషి.

ఆ హెడ్‌ఫోన్స్ ఫోనుకి తగిలిస్తే, ఫిడేలు మూడిళ్ళ అవతల ఎవరో తలుపులు బిగించుకుని వాయిస్తున్నట్టు ఉండేది.

"వాటిదేం తప్పు లేదు గురూ," అన్నాడు చిల్లరస్వామి. "అంత పెద్దవాటిని మోయాలంటే బలం కావాలి. నీ ఫోనుకి అంత ఓపిక లేదు. రెండిటికీ మధ్య యాంప్లిఫయర్ అని చిన్న డబ్బా పెట్టు, అప్పుడు చూడు."

"ఓపిక నాకూ లేదు. అంత డబ్బూ లేదు."

"ఇల్లు తాకట్టు పెట్టించే డబ్బాలూ ఉన్నాయి, మన జేబుకి తగ్గవీ ఉన్నాయి. ముందు ఇంట్లో ఒప్పించు."

అసలు కష్టం అక్కడే ఉంది. ఆ సాయంత్రం మైకయ్య వంటింటి గుమ్మంలో నిలబడి, ఏదో మాటవరసకన్నట్టు సంగతి కదిపాడు.

"యాంప్లిఫయర్ అంటే ఏంటి?" అంది భార్య.

"శబ్దం పెంచేది."

ఆవిడ గరిటె కింద పెట్టింది. "ఈ ఇంట్లో శబ్దం తక్కువైందని మీతో ఎవరన్నారు?"

"పెంచడమంటే అది కాదే. నాణ్యత."

"మీ నాణ్యతలన్నీ అటక మీద ఉన్నాయి. నడుం బెల్టు, కాళ్ళు పిసికే యంత్రం, వాన పడుతుందో లేదో చెప్పే గడియారం."

"గడియారం బాగానే చెప్పేది."

"కిటికీ కూడా చెప్తుంది. డబ్బులడగదు."

మైకయ్య నీరసంగా వెనక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఎదురుగా అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు.

అత్తగారు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరై, ఈ మధ్యనే కూతురి దగ్గరికి వచ్చారు. వచ్చిన మర్నాటి నుంచే ఆవిడకి వినపడడం మానేసింది. మైకయ్య మొదట్లో జాలిపడి, ప్రతి మాటా రెండేసి సార్లు, బస్టాండు స్థాయిలో చెప్పి చూశాడు. లాభం లేకపోయింది. తర్వాత తర్వాత ఆవిడ ముందు మాట్లాడటమంటే బీరువా ముందు మాట్లాడటమే అయిపోయింది.

బఠాణీలు ఒలిచే ఆ చేతులవైపు చూస్తుండగా మైకయ్య బుర్రలో దీపం వెలిగింది. ఆత్రం పట్టలేక అక్కడే కూర్చుని చిల్లరస్వామికి ఫోన్ చేశాడు.

"దొరికింది గురూ ఉపాయం! మా అత్తయ్య పేరు మీద కొంటాను. కన్నతల్లికి మళ్ళీ వినపడుతుందంటే మా ఆవిడ కాదంటుందా? పెద్దావిడ రెండ్రోజులు చెవులకి తగిలించుకుని, విసుగొచ్చి పక్కన పడేస్తుంది. కొన్నదాన్ని పారేయలేం కదా! పాపం, నేనే వాడుకుంటాను."

"మెల్లగా. ఆవిడెక్కడుంది?"

"నా ఎదురుగానే ఉంది. పిడుగు పడ్డా తల తిప్పదు."

అత్తగారు తల తిప్పలేదు. ఒక బఠాణీ మాత్రం గిన్నెలో పడకుండా కుర్చీ కిందికి దొర్లిపోయింది.

మర్నాడు మైకయ్య గొంతులోకి కావలసినంత జాలి తెచ్చుకుని భార్యతో చెప్పాడు. "అత్తయ్యని చూస్తుంటే కడుపు తరుక్కుపోతోందే. పెద్ద హెడ్‌ఫోన్స్ ఎలాగూ నా దగ్గరున్నాయి. ఓ చిన్న యాంప్లిఫయర్ ఉంటే ఆవిడ ఇంచక్కా పాటలు వింటుంది."

భార్య అతని మొహంలోకి చాలాసేపు చూసింది. సూది గుచ్చేముందు నరం వెతికే చూపది.

"కొనండి," అంది.

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందని మైకయ్య కలలో కూడా అనుకోలేదు. అక్కడే అనుమానం రావలసింది. సంతోషంలో రాలేదు.

ఆదివారం పొద్దున్నే హెడ్‌ఫోన్స్ సంచిలో వేసుకుని, చిల్లరస్వామిని వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. కొనకుండా వినిపోయేవాళ్ళని రోజూ చూసి చూసి కళ్ళ కింద సంచులు దిగిన మనిషి దుకాణదారు. మైకయ్య బడ్జెట్ విని, అద్దాల బీరువా వైపు పోకుండా, కింది అర లాగి మూడు డబ్బాలు బల్ల మీద పెట్టాడు.

మొదటిదానికి నీలం దీపాలు, వెండి మీట. మైకయ్యకి చూపుల్లోనే నచ్చేసింది.

"ఆగు," అన్నాడు చిల్లరస్వామి. "పాట ఆపేసి, శబ్దం పెంచి, ఉత్తినే విను."

ఉత్తినే వింటే లోపల ఎవరో స్టవ్వు వెలిగించి మర్చిపోయినట్టు సన్నగా బుస.

రెండోది భలేగా మోగింది. మైకయ్య ఉలిక్కిపడి "ఇదే!" అన్నాడు. దుకాణదారు విసుగ్గా శబ్దం కాస్త తగ్గించాడు. "గట్టిగా మోగేదల్లా బాగున్నట్టే అనిపిస్తుంది సార్. మూడూ ఒకే స్థాయిలో వినండి." అలా వినేసరికి రెండోది ఫిడేలుని రేకుడబ్బాలో పెట్టి వాయించినట్టుంది. గట్టిగా ఉన్నదల్లా బాగుండదన్న మాట మైకయ్యకి ఎక్కడో తగిలింది కానీ, ఎక్కడ తగిలిందో పట్టించుకోలేదు.

మూడోది సబ్బుబిళ్ళంత ఉంది. దీపాల్లేవు, సోకుల్లేవు. మీట తిప్పాడు. ముందు ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడమే ఎంత శుభ్రంగా ఉందో! తర్వాత ఫిడేలు కమాను తీగని తాకింది. స్వరం పుట్టకముందు తీగ మీద కమాను ఆనిన చప్పుడు కూడా వినిపించింది. మైకయ్య కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. రోజంతా గరాటు స్పీకర్లు నమిలిన చెవుల్ని ఎవరో చల్లటి గుడ్డతో తుడిచినట్టయింది.

"సార్, ఏడుస్తున్నారా?" అన్నాడు దుకాణదారు.

"లేదు, దుమ్ము. ఇది ఇచ్చెయ్యండి."

ఇంటికొచ్చి అత్తగారి తలకి హెడ్‌ఫోన్స్ తగిలించాడు. ఆవిడకి విసుగు పుట్టాలి కదా, ఆవిడ ఫోనులో వెతికి వెతికి, ఇనపసామాన్ల కొట్టు కూలినట్టుండే డప్పుల మోత పెట్టాడు. అత్తగారు కళ్ళు మూసుకున్నారు. మైకయ్య ఆశగా చూశాడు. ఆవిడ తల ఆడించి, "హాయిగా ఉంది బాబూ," అన్నారు.

ఆ సాయంత్రం తీయలేదు. మర్నాడూ తీయలేదు. కూతురు ఆవిడ ఫోనులో ఫిడేలు వెతికి పెట్టింది. ఇక డబ్బా ఛార్జింగ్ అయిపోతే తప్ప ఆవిడ చెవులు గాలికి తెరుచుకోలేదు.

మైకయ్య ఎదురుగా నిలబడి తన చెవులు చూపించి, డబ్బా చూపించి, ఒక్కసారి ఇవ్వమన్నట్టు సైగ చేశాడు.

"చెవిపోటా బాబూ?" అన్నారు అత్తగారు. "అమ్మాయీ, అల్లుడుగారికి చెవిలో చుక్కలు వెయ్యవే."

భార్య నిజంగానే వచ్చి వేసింది.

వారం గడిచేసరికి మైకయ్యకి ఓపిక నశించింది. భార్యకి తెలియకుండా ఓవర్‌టైం చేసి, ఆ డబ్బుతో నీలం దీపాల డబ్బా కొనుక్కొచ్చాడు. పెద్దవాళ్ళ చెవులకి ఇదే మంచిదని చెప్పి, సబ్బుబిళ్ళ తను తీసేసుకోవాలని పథకం.

అత్తగారు నీలం దీపాలు చూసి చిన్నపిల్లలా మురిసిపోయారు. "ఎంత శ్రద్ధ బాబూ మీకు! పాతది మంచం దగ్గర పెట్టుకుంటా. కొత్తది ఇక్కడ హాల్లో ఉంటుంది. ఆ చెవులేవో అటూ ఇటూ నేనే మార్చుకుంటాలెండి."

దాంతో రెండు డబ్బాలూ పోయాయి. తనవైన హెడ్‌ఫోన్స్ కూడా పోయాయి. చివరికి, ఓవర్‌టైం చేసిన గొంతు కూడా పోయింది.

"పోనీ అడిగి తీసుకో," అన్నాడు చిల్లరస్వామి.

"ఏమని అడగను? చెవిటావిడ నోటిదగ్గర పాట లాక్కున్నాడని పేరు రాదూ?"

అందుకని అడగకుండా తీసుకోవాలని తీర్మానించుకున్నాడు. తరవాతి ఆదివారం భార్య మేడ మీద బట్టలారేస్తోంది. అత్తగారు గదిలో పడుకున్నారు. వెళ్ళేముందు భార్య, "స్నానాలగదిలో డ్రమ్ము నిండుతోంది. కుళాయి చూస్తూ ఉండండి," అని మరీ మరీ చెప్పింది. మైకయ్య సరేనన్నాడు. పిల్లిలా గదిలోకి వెళ్ళి, సబ్బుబిళ్ళనీ హెడ్‌ఫోన్స్‌నీ చంకన పెట్టుకుని, సామాన్ల గదిలో దూరి తలుపేసుకున్నాడు.

కమాను తీగని తాకింది. అంతే, లోకం లేదు.

డ్రమ్ము నిండింది. నిండి, పొర్లి, స్నానాలగది దాటి, హాలు మీదుగా వీధి గుమ్మం కిందనుంచి మెట్లు దిగింది. కింది వాటాలో ప్లీడరుగారు గుమ్మంలో కూర్చుని కేసు కాగితాలు చదువుకుంటున్నాడు. నీళ్ళు ఆయన పాదాలను పలకరించాయి. ఆయన పైకొచ్చి గంట కొట్టాడు, తలుపు బాదాడు. మేడ మీదనుంచి భార్య పరుగెత్తుకొచ్చి తన తాళంతో తీసింది. కుళాయి కట్టేసి "ఏవండీ!" అని ఇల్లంతా వెతికింది.

వెతకనక్కర్లేకపోయింది. సామాన్ల గదిలోంచి మైకయ్య గొంతు, బస్టాండు స్థాయిలో, ఫిడేలుకి తోడుగా రాగం తీస్తోంది.

భార్య తలుపు లాగింది. పాత పరుపుచుట్ట మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చీలమండల దాకా నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని మైకయ్య తన్మయత్వంలో ఉన్నాడు. వెలుగు తగిలి కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్స్ కిందికి లాగాడు.

ప్లీడరుగారు తడిసిన లాగు పిండుకుంటూ, భార్యకి మాత్రమే వినపడేలా గొణిగాడు. "ఏవమ్మా, మీ ఆయనకి మతి గానీ చలించలేదు కదా?"

హాలు అవతలి చివర, ఎప్పుడు లేచొచ్చారో, అటు తిరిగి నేల తుడుస్తున్న అత్తగారు, "లేదండీ, ఆయన మొదట్నుంచీ ఇంతే," అన్నారు.

ప్లీడరుగారు లాగు పిండుకోవడం ఆపేశాడు. నీళ్ళు కూడా ఆగినట్టయింది.

"అత్తయ్యా," అన్నాడు మైకయ్య, "మీకు వినపడుతుందా?"

అత్తగారు గుడ్డ పిండి నడుం మీద చెయ్యి పెట్టుకున్నారు. ఇక దాచి లాభం లేదనుకున్నట్టున్నారు.

"బ్రహ్మాండంగా వినపడుతుంది బాబూ. అదే నా ప్రాణానికొచ్చింది. ఉద్యోగమంతా చెవితోనే చేశాను. లైను కలవకపోతే నన్ను తిట్టేవాళ్ళు, కలిస్తే వాళ్ళలో వాళ్ళు తిట్టుకునేవాళ్ళు. రాత్రికి చెవి కాలుతుండేది. ఇక్కడికొస్తే కాస్త విశ్రాంతనుకున్నా. గుమ్మంలోనే మీరు 'అత్తయ్యగారు వచ్చియున్నారు, అత్తయ్యగారి పెట్టె లోపలికి వచ్చుచున్నది' అన్నారు. మర్నాడు మీరేదో అడిగితే పలికే ఓపిక లేక ఊరుకున్నా. పాపం చెవుడన్నారు మీరు. నేను కాదనలేదు."

మైకయ్య భార్యవైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"మొదటి రోజే తెలుసు. మీరు ఫోన్లో చెప్పిన ఉపాయం కూడా, కామాలతో సహా, ఆ రోజే చెప్పింది."

"మరి ఎందుకు కొనమన్నావు?"

"అమ్మకి ఫిడేలంటే ఇష్టం. తన కోసం తను ఏదీ కొనుక్కోదు. మీరే ముచ్చటపడుతున్నారు కదా అని."

మైకయ్యకి కోపం తెచ్చుకోవాలని ఉంది. కానీ చెవి కాలడమంటే ఏమిటో ఆ ఇంట్లో అతనికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. సబ్బుబిళ్ళని రెండు చేతులా అత్తగారికి అందించాడు.

ఆవిడ దాన్ని పమిటతో తుడిచారు. "ఈ చెవుల్లోకి ఇన్నాళ్ళూ వైరు గుండా మనుషులే వచ్చారు బాబూ. ఫిడేలు రావడం ఇదే మొదలు. సాయంత్రం ఓ గంట మీరు వినండి. మిగతా అంతా నాది."

"ఆ నీలం దీపాలది నాకిచ్చేయకూడదూ?"

"అది బుసకొడుతుంది బాబూ. మీకు తెలుసుగా."

ప్లీడరుగారి మెట్లు మైకయ్యే తుడిచాడు. పైనుంచి కిందికి ఒకసారి, మురికి కనపడిందని ఆయన చూపిస్తే కిందినుంచి పైకి ఇంకోసారి. సాయంత్రానికి కీలుకి కీలు ఊడింది. అత్తగారు మాట తప్పకుండా డబ్బా తెచ్చి, తనే తగిలించి, మీట తిప్పి వెళ్ళారు. మైకయ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

"ఎలా ఉంది?" అన్న భార్య మాటకి కళ్ళు తెరిచాడు. బయట దీపాలు పెట్టారు. ఎదురుచూసి ఎదురుచూసి దొరికిన గంటలో నిద్రపోయానని చెప్పడానికి అతనికి మనసొప్పలేదు.

"అబ్బ! ఏం చెప్పమంటావు? ఆ చివర్లో ఫిడేలు ఉంది చూడూ, నా గుండెలోనే వాయించినట్టు..."

భార్య వంగి, అతని ఒళ్ళోంచి వైరు అందుకుని, దాని కొస అతని కళ్ళ ముందు పెట్టింది. ఆ కొసకి ఏమీ లేదు.

"మీరు గురక మొదలుపెట్టగానే అమ్మ డబ్బా తీసుకెళ్ళి ఛార్జింగ్ పెట్టుకుంది."

మైకయ్య ఆ వైరుకొసను చూశాడు. మేడ మీద ఆరేసిన తడి పరుపుచుట్టను తలచుకున్నాడు. నేలచూపులు చూస్తూ, ఆ ఇంట్లో ఏనాడూ ఎరగనంత చిన్న గొంతుతో, "అన్నం పెట్టవే," అన్నాడు.

తలుపు వేసి ఉన్న లోపలి గదిలోంచి అత్తగారు, "నాక్కూడా వడ్డించెయ్యమ్మా," అన్నారు.