పరీక్షించిన పాస్‌వర్డ్ వాడేసిన పాస్‌వర్డే

తాళం కన్నా తాళంచెవి గొప్పది. తాళంచెవి కన్నా అది పనిచేస్తుందో లేదో తేల్చే కమిటీ గొప్పది. మానవ నాగరికత కిందామీదా పడి ఇంతదాకా కూడబెట్టుకున్న జ్ఞానమంతా పిండితే తేలేది ఈ రెండు ముక్కలే. నమ్మకం కుదరనివాళ్లు సర్వర్లాయన పనిచేసే ఆఫీసుకి ఒక పూట వెళ్లి రావచ్చు (సంచీ, ఫోనూ, నవ్వూ గేటు దగ్గరే అప్పగించాలి).

సర్వర్లాయన అసలు పేరు జీతాల విభాగానికి తప్ప ఎవరికీ తెలియదు. నానా కంపెనీల సర్వర్లను కనిపెట్టుకుని ఉండడం అతని ఉద్యోగం. ఒక్కో సర్వరులో బోలెడు కంప్యూటర్లు ఉంటాయి, కానీ నిజానికి ఉండవు. పెద్ద ఇంటిని పోర్షన్లుగా విడగొట్టి అద్దెకిచ్చినట్టు, ఒకే యంత్రాన్ని ఉత్తుత్తి కంప్యూటర్లుగా విడగొట్టి వాడతారన్నమాట. ఈ ఇళ్లన్నిటినీ ఒకే తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. కొత్త సర్వరు వచ్చినప్పుడల్లా దాని లాగిన్ పేరూ, పాస్‌వర్డూ అందులో కొట్టి, కింద "పరీక్షించు" అన్న బటన్ నొక్కాలి. పచ్చ టిక్కు పడితే పని అయిపోయినట్టే. టీ చల్లారేలోగా తెమిలే పని. అందుకని ఆఫీసు దానికి ఒక రోజంతా కేటాయించింది.

ఆ రోజే కూతురి బళ్లో నాటకం. నిరుడు ఇలాంటి పరీక్ష వల్లే అతను పిల్ల నాటకం చూడలేకపోయాడు. ఈసారి పిల్ల తన నెత్తిన అతని చెయ్యి పెట్టించుకుని మరీ మాట తీసుకుంది. భార్య పొద్దున్నే హెచ్చరించింది: "భోజనాలవగానే మొదలెడతారట. ఈసారి కూడా రాకపోతే దానికి సర్దిచెప్పడం నా వల్ల కాదు, మీరే చెప్పుకోండి."

"టిక్కు పడగానే వెళ్లిపోండి, నేనేం కాదన్నానా?" అన్నారు ఆఫీసులో ఈ సంగతి విన్న సంకేతపద పరిరక్షణాధికారి (అంటే పాస్‌వర్డ్‌ల కాపలాదారు), ఎంతో ఉదారంగా.

ఆ ఆఫీసులో పాస్‌వర్డ్ మొత్తం ఏ ఒక్కరికీ తెలియకూడదు. మొదటి సగం సర్వర్లాయన దగ్గరుంటుంది, రెండో సగం పక్క సీటు మేడమ్ దగ్గర. ఒకరు కొడుతున్నప్పుడు రెండోవారు గోడవైపు తిరిగి నిలబడాలి. మీటల టకటకను బట్టి అక్షరాలు పసిగట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ కాసేపూ అధికారి గట్టిగా దగ్గుతూ ఉంటారు. దీన్ని శబ్ద రక్షణ అంటారు. (ఆయనకు నిజంగా జలుబు చేసిన వారంలో, ఏ దగ్గు రక్షణో ఏ దగ్గు రోగమో తేలక పరీక్షలన్నీ వాయిదా వేశారు.)

ఇతను కొట్టాడు, ఆవిడ కొట్టింది, ఆయన దగ్గారు. పచ్చ టిక్కు పడింది. సర్వర్లాయన సంచీ భుజాన వేసుకున్నాడు.

"ఎక్కడికండీ?" అన్నారు అధికారి.

"టిక్కు పడింది కదా సార్."

"పడింది. అంటే పాస్‌వర్డ్‌ని ఒకసారి వాడేశాం. వాడిన పాస్‌వర్డ్ బయటపడ్డ పాస్‌వర్డ్ కిందే లెక్క. కొత్తది పెట్టండి."

కొత్తది పెట్టారు. పరీక్షించనిదాన్ని వాడుకలో పెట్టకూడదు కనుక పరీక్షించారు. పరీక్షించారు కనుక మార్చారు. నిబంధనలు రాసిన మహానుభావుడు దీనికి ముగింపు ఎక్కడో రాయలేదు. మామూలు రోజుల్లో సాయంత్రం వాచ్‌మన్ వచ్చి లైట్లు ఆర్పేసేసరికి ఏది మిగిలితే అదే పాస్‌వర్డ్.

"సార్, ఇది ఇలా ఎప్పటికీ తెగదు," అన్నాడు సర్వర్లాయన, గోడవైపు తిరిగే.

"తెగకూడదనే కదండీ దాన్ని భద్రత అన్నారు."

భోజనాల వేళ దాటింది. పిల్ల ఈపాటికి తెర వెనక నిలబడి, జనంలో నాన్న కోసం వెతుకుతూ ఉంటుందని అతనికి కంగారు మొదలైంది. ఆ కంగారులో కొత్త సగానికి బదులు పొద్దుటి పాత సగం కొట్టేశాడు. మేడమ్ తన కొత్త సగం కొట్టింది. బటన్ నొక్కారు.

పచ్చ టిక్కు పడింది.

సర్వర్లాయన తెర దగ్గరికి వంగి ఆ టిక్కును మళ్లీ చూసుకున్నాడు. అధికారి మంచినీళ్లకి వెళ్లేదాకా ఆగి, మేడమ్‌తో గొంతు తగ్గించి అన్నాడు: "నేను తప్పు కొట్టానండీ. అయినా పడింది!"

"పడకేం చేస్తుంది? నేను ఎప్పట్నుంచో మా చంటాడి ముద్దుపేరే కొడుతున్నా. ఒక్కసారీ కాదనలేదు."

ఆ బటన్ చేసేదల్లా సర్వరు గుమ్మంలో నిలబడి "ఎవరండీ ఇంట్లో?" అని పిలవడమే. లోపల్నుంచి "ఆఁ" అని వినిపిస్తే చాలు, టిక్కు పెట్టేసి వచ్చేస్తుంది. తాళంచెవి సంగతే అడగదు.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే కమిటీ వేస్తారు. అందులో నన్నే వేస్తారు. మీకు బడికి టైమవుతోందిగా, నోరు మూసుకుని వెళ్లండి."

బంగారంలాంటి సలహా. కానీ సర్వర్లాయనకు చిన్నప్పటినుంచీ నిజాయితీ అనే జబ్బు ఉంది. ఎన్ని ఉద్యోగాలు మారినా తగ్గలేదు. అధికారి తిరిగి రాగానే ఉన్నదున్నట్టు చెప్పేశాడు (మేడమ్ ముద్దుపేరు సంగతి మాత్రం మింగేశాడు).

అధికారి కళ్లు మూసుకుని నిబంధనలన్నీ మనసులో తిరగేశారు. కళ్లు తెరిచేసరికి వాటిలో గర్వం మెరుస్తోంది.

"తప్పు పాస్‌వర్డ్‌తో కూడా నెగ్గిందంటే, మన పరీక్ష ఎంత పటిష్ఠంగా ఉందో చూడండి! అయితే ఒక చిక్కుంది. మీరు ఆ తప్పుదాన్ని వాడేశారు. వాడినదాన్ని మార్చాలి."

"అది అసలు పాస్‌వర్డే కాదు కదా సార్, దేన్ని మార్చను?"

"అందుకే, ముందు దాన్ని అసలుది చెయ్యండి. తరవాత మార్చుదురుగాని." ఆయన గొంతు సవరించుకుని దగ్గడానికి సిద్ధమయ్యారు.

సర్వర్లాయన బడికి చేరేసరికి పనివాళ్లు కుర్చీలు ఒకదానిలో ఒకటి దోపి పేర్చేస్తున్నారు. గేటు పక్కన తల్లీకూతుళ్లు నిలబడి ఉన్నారు. పిల్ల అప్పటికే మొహం కడుక్కుని, మామూలు గౌనులోకి మారిపోయింది. నెల్లాళ్లుగా ఇంట్లో అది వేషం కట్టి, మాటలు వల్లెవేసింది. అతను ఇంటికి చేరేసరికి రోజూ నిద్రపోతూనే కనబడింది. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చి అతనికి నిజంగా సిగ్గేసింది. కానీ ఆ పూటకి సరిపడా నిజాయితీ ఆఫీసులోనే ఖర్చయిపోయింది.

"అదరగొట్టేశావు తల్లీ! వెనక నిలబడి మొత్తం చూశాను," అన్నాడు పిల్ల చెయ్యి పట్టుకుని.

భార్య అతనివైపు ఒక్క చూపు చూసి, మంచినీళ్ల సీసా మూత బిగించసాగింది.

"నిజంగా చూశావా నాన్నా?"

"నిజంగా."

"అయితే నేనేం వేషం వేశానో చెప్పు."

"ఇంకేముంది, రాణి వేషం!" అన్నాడు ధీమాగా.

పిల్ల తన చెయ్యి విడిపించుకుని, వెళ్లి తల్లి పక్కన నిలబడింది. ఆ రోజు మొత్తంమీద సక్రమంగా జరిగిన పరీక్ష అదొక్కటే.