సూర్యుడు లోడవుతున్నాడు

"ఇకమీదట సుద్దముక్క చరిత్ర!" అని విద్యామంత్రిగారు ప్రకటించారు. కాబోయే ప్రాథమిక పాఠశాల టీచర్లందరూ సైన్సు పాఠాలు తెర మీదే చెప్పాలట. టీచర్ల శిక్షణ కాలేజీలో ఆ మహత్కార్యం సైన్సు లెక్చరర్ నెత్తిన పడింది. ఫోన్లో అలారం ఆపడానికి కూడా కూతుర్ని కేకేసే మనిషి.

"నాకేం తెలుసు సార్?" అన్నాడు ప్రిన్సిపాల్‌తో.

"మీకు కళ్ళజోడుంది. తెలిసినవాడిలా కనిపిస్తారు. చాలు."

లెక్చరర్ ఇంటికెళ్ళి అద్దంలో చూసుకున్నాడు. నిజమే. ఇన్నేళ్ళ సర్వీసులో తన గురించి ఇంత సరిగ్గా అంచనా వేసినవాళ్ళు లేరు.

మంత్రిగారు నమూనా పాఠం చూడటానికి వస్తానన్నారు. పాఠం పేరు నీడలు. ఒక ట్రెయినీ అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, పిల్లల్ని ఎండలో నిలబెడితే నీడ కనిపిస్తుంది కదా?"

"కనిపిస్తుందమ్మా. కానీ అందులో టెక్నాలజీ ఏదీ?"

ఆ మాటకు తనే కాస్త సిగ్గుపడ్డాడు. పోయినేడు దాకా ఆయన ఆ పాఠం చెప్పింది ఆవరణలో కర్ర పాతే.

మంత్రిగారొచ్చారు. ఎండ పడితే తెర మీద సూర్యుడు కనిపించడం లేదని కిటికీలకు దళసరి కర్టెన్లు కట్టారు. ఆ చీకట్లో లెక్చరర్ మీట నొక్కాడు. తెర మీద ఓ చెట్టు వచ్చింది. చెట్టు పైన ఓ చక్రం గిరగిరా తిరగసాగింది.

"అదేంటయ్యా?" అన్నారు మంత్రిగారు.

"సూర్యుడండి. లోడవుతున్నాడు."

"ఎంతసేపు?"

"మామూలుగా తెల్లారేసరికి వచ్చేస్తాడండి."

ఈ జవాబుతో తన ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టేననిపించింది. తెర ఆపేద్దామని చీకట్లో మీట కోసం తడుముతూ కర్టెన్ పట్టుకుని లాగాడు. అది ఊడి చేతికొచ్చింది. ఎండ ఒక్కసారిగా లోపలికి దూకింది. మంత్రిగారి నీడ, ముక్కుతో సహా, తెర మీద పడింది. ఆయన చెయ్యి ఊపారు. నీడా ఊపింది.

"అబ్బ, ఏం క్లారిటీ! ఆలస్యం బొత్తిగా లేదే! ఏ కంపెనీదయ్యా ఇది?"

నిజం లెక్చరర్ నాలుక దాకా వచ్చింది. ట్రెయినీ అమ్మాయి ఆయన్నే చూస్తోంది. ప్రిన్సిపాల్ అంతకన్నా గట్టిగా చూస్తున్నాడు.

"చాలా పాత కంపెనీ అండి. సర్వీసు మాత్రం ఇంతవరకు ఆగలేదు."

మంత్రిగారు అక్కడికక్కడే ఆ సిస్టమ్‌ని అన్ని బళ్ళకీ మంజూరు చేశారు. లెక్చరర్ నోడల్ ఆఫీసరయ్యాడు.

వారం తిరక్కుండా శిక్షణ మొదలైంది. కర్టెన్ లాగడంలో బేసిక్ ఒకటి, అడ్వాన్స్‌డ్ ఒకటి. అడ్వాన్స్‌డ్ క్లాసు మంచి రసపట్టులో ఉండగా ఆ అమ్మాయే లేచింది.

"సార్, మబ్బు పట్టిన రోజు పిల్లలకి ఏం చెప్పాలి?"

హాలంతా పెన్నులు పట్టుకుని ఎదురుచూసింది. లెక్చరర్ కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"సర్వర్ డౌన్ అని చెప్పండి," అన్నాడు.

అందరూ రాసుకున్నారు.