మిన్నీ బే మొక్కు కోళ్లు

ఆ పొద్దున ధనరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు ఒడ్డుకు వెళ్లి వలస పిట్టల రెట్టలు సీసాల్లోకి ఎత్తుకోవాలి. తర్వాత మిన్నీ బే జాలరిపేటలో కొన్ని కోళ్ల నోట్లో దూదిపుల్ల తిప్పాలి. పశువుల డాక్టరు గోపినాథ్ గారు జీపులో వచ్చేసరికి రెండు రకాల శాంపిళ్లూ ఐసుపెట్టెలో సిద్ధంగా ఉండాలి. అడవి పిట్టలు ఏదైనా వైరస్ మోసుకొచ్చాయా, అది పెంపుడు కోళ్లకు అంటిందా అని కనిపెట్టి ఉండటమే అతని ఉద్యోగం.

పిట్టలతో చిక్కు లేదు. చిక్కంతా కోళ్లతోనే. వారం రోజులుగా గడపగడపా తిరిగినా ఒక్కరూ కోడిని పట్టుకోనివ్వలేదు. "శాంపిల్ తీస్తే రోగం బయటపడద్ది. రోగం బయటపడితే కోళ్లన్నీ గోతిలోకే. మాకొద్దు భయ్యా" అని తలుపులు వేసుకున్నారు. డాక్టరుగారేమో నిన్న ఫోనులో తేల్చి చెప్పేశారు. "రేపటికి కోళ్ల శాంపిళ్లు లేకపోతే నిన్ను డిగ్లీపూర్ పంపించేస్తా, ధనరాజూ. పక్కా!"

డిగ్లీపూర్ అంటే ఈ దీవులకు ఉత్తరపు కొసన, బస్సులో కూర్చుంటే నడుము పడిపోయేంత దూరం. దూరం మాట అటుంచండి, ధనరాజుకు ఈ ఒడ్డంటే ప్రాణం. చలికాలం రాగానే వంకరముక్కు పిట్టలు మంచుదేశాల నుంచి ఇక్కడికే వచ్చి వాలతాయి. వాటిని చూస్తూ, ఆ మంచు ఎలా ఉంటుందో ఊహించుకుంటూ కూర్చుంటాడు. చేపల ఐసు తప్ప మరో మంచు ఎరగడు పాపం. "ఆ పిట్టల్ని సూసినట్టు నన్నొక్కసారి సూసుంటే నా జన్మ తరించిపోను" అంటుంది అతని భార్య కనకలక్ష్మి. అంటుందే గాని, అతను డిగ్లీపూర్ పోతే ఆమెకూ ముద్ద దిగదు.

మామూలుగా ధనరాజు వైరస్ అంటకుండా వేసుకునే తెల్లసూటు, ముసుగు, కళ్లద్దాలు సంచీలో పెట్టుకెళ్లి ఒడ్డున తొడుక్కుంటాడు. ఆ రోజు ఇసక ఈగలకు జడిసి ఇంట్లోనే తొడిగేసుకున్నాడు. పిట్టల ధ్యాసలో ఎవరినీ పలకరించకుండా, ఐసుపెట్టె పట్టుకుని, తెల్లవారుజాము మసకలో తేలిపోతున్నట్టు పేట దాటాడు.

వాకిలి ఊడుస్తున్న యర్రమ్మ చేతిలో చీపురు జారిపోయింది.

"ఓలే కాసులమ్మా! కోళ్లని గోతిలో పూడ్సే తెల్లబట్టలోల్లు దిగిపోనారే! ఏసుకుపోడానికి పెట్టె కూడా తెచ్చినారు!" అని పక్కింటామెను కేకేసింది.

"ఎంతమంది పిన్నీ?"

"నాను సూసింది ఒకడ్నే. ఎనకాల ఎంతమందున్నారో ఏటో!"

కబురు కొళాయి దగ్గరకు చేరేసరికి ఆ ఒక్కడూ పదిమందయ్యాడు, పెట్టె లారీ అయింది. ఉపాయం కూడా యర్రమ్మే చెప్పింది. ఆ పేటలో కొత్త పడవ నీళ్లలోకి దించేముందు గంగమ్మకు కోడిని మొక్కుకుని దానికి పసుపు రాస్తారు. మొక్కు తీరేదాకా ఆ కోడిని ఎవరూ ముట్టుకోరు. "అమ్మోరి సొత్తు మీద సెయ్యేస్తే గవర్మెంటుకైనా కళ్లు పోవా? రాసీండి పసుపు!" అంది. క్షణాల్లో పేటలో పసుపు డబ్బాలన్నీ ఖాళీ.

అయినా ఎవరి భయం వాళ్లది. మొదట కాసులమ్మ పెరటిదారిన వచ్చి పచ్చటి పెట్టను కనకలక్ష్మి చేతిలో పెట్టింది. "గవర్మెంటోడి ఇంట్లో గవర్మెంటోల్లు ఎతకరు వదినా. ఎవరికీ సెప్పకు." ఆ వెనకే సీతాలు, "దీదీ, నీకు పుణ్యముంటాది" అంటూ రెండు కోళ్లు. ఆ తర్వాత యర్రమ్మ, పుంజుతో సహా. ప్రతి ఒక్కరిదీ అదే తెలివి, అదే ఒట్టు.

తెల్లసూటు ఎవరిదో కనకలక్ష్మికి తెలియదా? చెబుదామని నోరు తెరిచింది కూడా. అంతలో డిగ్లీపూర్ గుర్తొచ్చి మూసేసుకుంది. "రండి, రండి. మంచం కింద ఇంకా సోటుంది" అంది.

ఒడ్డున ధనరాజు రెట్టలెత్తడం ముగించి, ఒక వంకరముక్కు పిట్ట బురదలో అడుగులేస్తుంటే కలలో ఉన్నట్టు చూస్తూ ఉండిపోయాడు. నీళ్లు వెండిలా మెరుస్తున్నాయి. లోకంలో కోళ్లనేవి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాడు. జీపు హారను మోగింది.

"కోళ్ల శాంపిళ్లేవయ్యా?" అన్నారు గోపినాథ్ గారు.

"ఇంటికి... ఇంటికి పదండి సర్" అన్నాడు. ఇంట్లో ఏముందని? కనీసం టీ అయినా ఇస్తే కోపం తగ్గుతుందని ఆశ.

తలుపు తీశాడు. మంచం మీద కోళ్లు, టీవీ మీద కోళ్లు, కుట్టుమిషను మీద యర్రమ్మ పుంజు. అన్నీ పచ్చగా మెరిసిపోతున్నాయి.

"అరే వాహ్! అన్నిట్నీ ఒక్కచోట చేర్చి, రంగుతో గుర్తు కూడా పెట్టావా? శాబాష్!" అన్నారు డాక్టరుగారు.

ధనరాజు భార్య వైపు చూశాడు. ఆమె ఇంటి కప్పు వైపు చూసింది.

ఈలోగా కిటికీ దగ్గర మూగిన ఆడవాళ్లు ఒకరి కోడిని ఒకరు గుర్తుపట్టేశారు. "నీ పెట్ట కూడా ఇక్కడే ఉందేటే దొంగముండా!" యర్రమ్మ అందర్నీ తోసుకుంటూ లోపలికొచ్చింది. "అమ్మోరి సొత్తు బాబూ, ముట్టుకోకు!"

"అమ్మవారికి జబ్బుకోడిని ఇస్తారా తల్లీ? బాగుందో లేదో చూసే వదిలేస్తాను. చంపను" అన్నారాయన చేతులు జోడించి.

యర్రమ్మ ఆలోచించింది. అమ్మోరికి రోగిష్టి కోడా, ఎంత అపచారం! తన పుంజును తనే పట్టుకుని నోరు తెరిపించింది.

వారం తిరక్కుండా ఫలితాలొచ్చాయి. పిట్టల్లోనూ, కోళ్లలోనూ ఏ వైరస్సూ లేదు. పేటంతా పండగ చేసుకుంది. తన పెట్టకు మేత వేయబోతున్న కాసులమ్మను యర్రమ్మ ఆపింది.

"పసుపు రాసేక ఎనక్కి తీసుకుంటే గంగమ్మ తల్లి ఊరుకుంటాదేటే? మొక్కు తీర్సేసి పొయ్యి ఎలిగించండి."

అదే పూట డాక్టరుగారి ఫోను వచ్చింది. "డిగ్లీపూర్‌లో ఒక్కరూ కోడిని పట్టుకోనివ్వట్లేదట. నీలాంటి మొనగాడే వెళ్లాలి. రేపే బయల్దేరు."

మర్నాడు బస్సు కిటికీలోంచి ధనరాజు దిగులుగా చూస్తూ కూర్చున్నాడు. సాయంత్రానికి వరిచేలు వచ్చాయి. తడిమడిలో ఒక వంకరముక్కు పిట్ట, తనకంటే ముందే చేరినట్టు, నెమ్మదిగా అడుగులేస్తోంది. అతని గుండె కాస్త కుదుటపడింది. కనకలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ కట్టిచ్చిన టిఫిను డబ్బా మూత తీశాడు.

కోడికూరలో పసుపు కాస్త ఎక్కువైంది.